తండ్రి ఇచ్చిన రివాల్వరు – సర్కారు ఇవ్వని తూటా

న్యూఢిల్లీ: సైన్యం నుంచి రిటైరై దక్షిణ ఢిల్లీలో స్థిరపడిన నా మిత్రుడొకరు ఇటీవల ఒక సాయంకాలం ఇనప్పెట్టె తెరిచి, పాత తోలు ఒరలోని రివాల్వరును తీసి బల్లమీద పెట్టారు. వెబ్లీ కంపెనీవారి నాలుగవ మార్కు; .38 బోరు. ఆయన తండ్రిగారు 1944లో ఇంఫాల్ రంగంలో నడుముకు కట్టుకొని తిరిగిన ఆయుధమది. యుద్ధం ముగిశాక ఆయన దాన్ని సొంతం చేసుకొన్నారు. లైసెన్సు తండ్రి నుంచి కుమారునికి సంక్రమించింది. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. లేనివల్లా తూటాలే. రేకుడబ్బాలో మిగిలిన పదకొండింటికీ పచ్చని చిలుము పట్టింది.

“వర్షాకాలంలో రెండుసార్లు, చలికాలంలో ఒకసారి నూనె పెడతాను. ఎక్కడా తుప్పు మరక లేదు. ఏం లాభం? దసరానాడు ఆయుధపూజకు తప్ప మరి దేనికీ పనికి రాదు” అన్నారాయన.

ఆ యంత్రాన్ని కాపాడడం ఏమంత సులభమైన పని కాదు. ఆనాటి సైనిక తూటాల అడుగున ఉండే టోపీలో వాడిన రసాయనం పేలిన తర్వాత గొట్టంలో ఒక విధమైన ఉప్పును మిగులుస్తుంది. అది గాలిలోని తేమను పీల్చి ఒక్క రాత్రిలో ఉక్కును తినివేయగలదు. నూనె దాన్ని కరిగించలేదు. అందుకే పాతకాలపు సిపాయిలు గొట్టంలో ముందు సలసల కాగే నీళ్లు పోసి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె గుడ్డ దూర్చేవారు. మధ్యకు విరిచి తెరిచే నమూనా కావడంచేత వెబ్లీలో మరొక బలహీనత ఉంది. గొట్టాన్ని పట్టి ఉంచే కొక్కెం అరిగిందంటే పేల్చేవాడి ముఖానికే ముప్పు.

మిత్రుని బంధువొకరు అమెరికాలో ఉన్నారు. ఖాళీ తొడుగులు దాచి, ఇంట్లోనే మళ్లీ మందు దట్టించుకోవచ్చు గదా అని ఆయన సలహా ఇచ్చారట. అక్కడ అది ఇంటి షెడ్డులో సాగే వినోదం. పేలిన తొడుగు నుంచి పాత టోపీని తొలగించి, తొడుగును చిన్న మరలో ఒత్తి పూర్వపు కొలతకు తెచ్చి, కొత్త టోపీ తొడిగి, మందు పోసి, గుండు బిగిస్తారు. రెండు గురిగింజల ఎత్తు కూడా ఉండని ఆ మందు పొరపాటున రెండుసార్లు పడితే, ఎనభయ్యేళ్ల ఉక్కు దాన్ని భరించలేదు. అమెరికన్ కాంగ్రెసు అనుమతితో 2018 నుంచి ఆ దేశపు సైన్యం పక్కన పెట్టిన .45 పిస్తోళ్లను లాటరీ పద్ధతిలో పౌరులకు విక్రయిస్తున్నారు కూడా. వెయ్యి డాలర్ల ప్రాంతంలో ధర. కొనేవారి పూర్వాపరాలను విచారించిన మీదటే చేతికిస్తారు.

మన చట్టం దృష్టిలో ఇంట్లో మందు దట్టించడం తయారీ కిందికి వస్తుంది. 1959 నాటి ఆయుధాల చట్టం అయిదవ సెక్షను ప్రకారం తయారీకి ప్రత్యేక లైసెన్సు కావాలి. ఆత్మరక్షణ కోసం ఇచ్చిన లైసెన్సు దానికి చాలదు. అంతటితో ఆగలేదు చట్టం. “మందుగుండు” అనే మాటకు చెప్పిన నిర్వచనంలో తూటా విడిభాగాలను, తూటాలు చేసే యంత్రాన్ని సైతం చేర్చింది. అనగా మందు సంగతి అటుంచి, బల్లకు బిగించుకొనే ఆ చిన్న మర ఇంట్లో ఉన్నా నేరమే. ఈ కట్టడి ఉండవలసిందేనన్నది నా అభిప్రాయం. ఎన్ని తూటాలు అమ్ముడైనవో లెక్క చెప్పగలగడం ఈ దేశంలో పోలీసులకు మిగిలిన కొద్దిపాటి ఆధారాల్లో ఒకటి. ఇంటింటా తూటాల కుటీర పరిశ్రమ వెలిస్తే ఆ లెక్క గంగలో కలుస్తుంది.

నా ఆక్షేపణ మరొక చోట ఉంది. దుకాణంలో ఈ తూటా ఎందుకు దొరకదు? .380, .455 అంచు తూటాలను, సైనిక 9 మిల్లీమీటర్ల తూటాను పేల్చగల ప్రతి పిస్తోలూ, రివాల్వరూ నిబంధనల ప్రకారం “నిషిద్ధ బోరు”. అంటే రెండు ప్రపంచ యుద్ధాల నుంచి మనకు మిగిలిన సైనిక పిస్తోళ్లు దాదాపు అన్నీ ఆ ఒక్క వాక్యంలో ఇమిడిపోతాయి. ఇవి మిగతావాటికంటె ప్రమాదకరమైనవి కాబట్టి నిషేధించారని పాఠకులు అనుకోవచ్చు. కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ నేడు పౌరులకు అమ్ముతున్న .32 రివాల్వరును పరిశీలిస్తే ఆ భ్రమ తొలగుతుంది. అది నా మిత్రుని వెబ్లీ నాలుగవ మార్కు నమూనాకు సంతానమే. అదే ఎముకల గూడు, అదే విరుపు, అవే ఆరు గదులు. గొట్టం మాత్రం కాస్త సన్నం.

అసలు కారణం శతాబ్దం నాటిది. 1878లో లిట్టన్ ప్రభువు హయాములో వచ్చిన ఆయుధాల చట్టం యూరోపియనులను మినహాయించి, భారతీయులను నిరాయుధులను చేసింది. ఆ తర్వాత పాలకులను బాధించిన భయం సైనిక గిడ్డంగుల నుంచి జారిపోయే తూటాలను గురించి. దొంగిలించిన తూటా పౌరుని తుపాకిలో పట్టకూడదు. ఆ భయంతోనే 1907 ప్రాంతంలో .450 బోరును ఇక్కడ నిషేధించారు. లండన్ వ్యాపారులు వెంటనే .465, .470 అంటూ కొత్త కొలతలు సృష్టించి, పులుల వేటకు వచ్చే దొరలకు యథాప్రకారం తుపాకులమ్ముకొన్నారు! ఏ ఆయుధం ఎంత హాని చేయగలదన్న విచారణ ఆనాడు లేదు. ఏ తూటా సర్కారుది అన్నదే ప్రశ్న. ఆ కొలబద్దనే 1959లో మనమూ స్వీకరించాము.

1878 చట్టాన్ని బ్రిటిష్ పాలనలోని ఘోర దుష్కృత్యాలలో ఒకటిగా గాంధీజీ 1918లోనే తప్పుపట్టారు. నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకొనే హక్కును 1931 కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానంలో చేర్చింది. కాని 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో కామత్ ఆ హక్కును ప్రతిపాదించినప్పుడు డాక్టర్ అంబేద్కర్ అంగీకరించలేదు. సభ కూడా తిరస్కరించింది.

ఆ తిరస్కారానికి పది నెలల ముందు ఇదే నగరంలో ఏమి జరిగిందో విస్మరించరాదు. బిర్లా హౌసు తోటలో గాంధీజీపై పేలినది ఇటలీ సైన్యం కోసం తయారైన బెరెట్టా పిస్తోలు. యుద్ధాల వెల్లువలో చేతులు మారుతూ గ్వాలియరు చేరి, హత్యకు రెండు రోజుల ముందు గాడ్సే చేతికి వచ్చింది. అనాథగా తిరిగే సైనిక పిస్తోలు ఏమి చేయగలదో ఢిల్లీకి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. అయితే ఆ పిస్తోలుకు లైసెన్సు లేదు. ఏ బోరు నిబంధనా దాన్ని ఆపలేదు.

నేటి పరిస్థితి మరీ విచిత్రం. .303 సైనిక తూటాను పౌరులకు అందకుండా చేసి, దానికి బదులుగా .315 స్పోర్టింగ్ రైఫిలును ఇషాపూరు ఫ్యాక్టరీలో తయారు చేసి అమ్మారు. ఇప్పుడు ఉత్తరప్రదేశ్, బీహారు పోలీసులు పట్టుకొనే నాటు కట్టాల్లో ఎన్నో ఆ .315 తూటాకే తగినట్లు చేసినవి. లైసెన్సుదారుల ఖాతాలో కొన్న తూటాలు పక్కదారి పడితే చాలు, కట్టాకు ఆహారం దొరికినట్లే. మీర్ ఖాసిం కాలం నుంచి తుపాకి పనికి పేరుబడిన ముంగేరులో లైసెన్సు కర్మాగారాల చేతినైపుణ్యం చీకటి కొలుములకు ఎట్లా పాకిందో అందరికీ తెలిసిందే. ఇరుగుపొరుగున పాకిస్తాన్‌లోని దర్రా ఆదంఖేల్ బజారు సంగతి చెప్పనే అక్కరలేదు. సర్కారు తూటాను దాచిపెట్టి నేరస్థుణ్ణి నిరాయుధుణ్ణి చేయగలమన్న 1907 నాటి తర్కం ఏనాడో చెల్లిపోయింది.

చట్టం అందరికీ ఒకే విధంగా ముఖం చూపుతుందా అంటే అదీ లేదు. 1980ల మధ్య నుంచి తుపాకుల దిగుమతి మూతపడిన కారణంగా పాత విదేశీ పిస్తోలు వెల లక్షలకు ఎక్కింది. అటువంటి కాలంలో కస్టమ్స్‌వారు జప్తు చేసిన ఆయుధాలను పార్లమెంటు సభ్యులకూ, పెద్ద అధికారులకూ చవుకగా కేటాయించే ఆచారం ఈ రాజధానిలో ఏళ్ల తరబడి సాగింది. 2019లో సవరణ బిల్లు వచ్చినప్పుడు, మనిషికి ఒక్క ఆయుధమే అన్న ప్రతిపాదనను సభ్యుల అభ్యంతరాల మీద రెండుకు పెంచారు. వారసత్వ ఆయుధాల ప్రస్తావనా వచ్చింది గాని బోరు ఊసు ఎవరూ ఎత్తలేదు.

హోం మంత్రిత్వశాఖ చేయదగిన పని ఒకటుంది. ఇంత పాతబడిన సైనిక పిస్తోళ్లను ఒక ప్రత్యేక పట్టికలో చేర్చి, లైసెన్సు ఉన్నవారికి ఏడాదికి ఓ పాతిక తూటాలు ప్రభుత్వ కర్మాగారం నుంచే, ఖాళీ తొడుగులు తిరిగి ఇచ్చే షరతుమీద అమ్మవచ్చు. అంత చిన్న సరకు చేయడం గిట్టుబాటు కాదంటారేమో. అట్లయితే ఆ మాటే చెప్పి, ఆయుధాన్ని రెజిమెంటు మ్యూజియంకు గౌరవంగా అప్పగించే దారి చూపాలి. లైసెన్సు రుసుము వసూలు చేస్తూ, తూటా మాత్రం ఏ దుకాణంలోనూ దొరకనీయకపోవడం న్యాయం కాదు.

నిబంధనల ప్రకారం డెబ్బయ్యేళ్లు నిండిన లైసెన్సుదారు తన ఆయుధాన్ని వారసులకు బదిలీ చేయమని కోరవచ్చు. మిత్రుని కుమార్తె బెంగళూరులో వైద్యురాలు; నాకు వద్దన్నది. అందుచేత వచ్చే నెల ఆయన దాన్ని లైసెన్సు ఉన్న ఒక వ్యాపారి వద్ద జమ చేయనున్నారు. వ్యాపారి నెలకింత అని అద్దె తీసుకొంటాడు. నూనె పెట్టే పూచీ మాత్రం తనది కాదని ముందే చెప్పాడట.