ఎడమచెయ్యి చేసిన పాపమేమిటి?

గత విజయదశమినాడు మా ఊరి గుడి హాలులో సామూహిక అక్షరాభ్యాసం జరిగింది. వచ్చినవారందరూ చూసిన సంగతే గనక ఇందులో రహస్యమేమీ లేదు. పళ్ళెంలో బియ్యం పోశారు. నాలుగేళ్ళ పాప ఒకతె ఉత్సాహంగా ఎడమచెయ్యి చాపింది. "అయ్యో, ఆ చెయ్యి కాదమ్మా" అంటూ ఒక పెద్దావిడ చెయ్యి మార్చారు. రెండోసారీ ఎడమచెయ్యే వచ్చింది. ఈసారి ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. దాంతో పిల్ల రెండు చేతులూ వెనక్కి దాచుకుని ఏడుపు లంకించుకుంది. చివరికి తండ్రే ఆమె కుడిచేతి వేలు పట్టుకుని "ఓం" రాయించాడు. ఫోటో మాత్రం బాగా వచ్చింది.

అక్కడున్న వారిలో సగం మంది డాక్టర్లు, ఇంజనీర్లు. మేమూ ఉన్నాం. మేమూ నోరు మెదపలేదు. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాం.

ఎందుకంటే మేమూ పుర్రచేతివాళ్ళమే. చిన్నప్పుడు బడిలో మాస్టారు స్కేలుతో వేళ్ళమీద కొట్టి పలకబలపాన్ని కుడిచేతికి మార్పించారు. ఇప్పటికీ మా సంతకం కుడిచేత్తోనే. కాని గాయానికి కుట్లు వెయ్యవలసి వస్తే సూది తనంతట తాను ఎడమచేతికి వెళ్తుంది. చెయ్యి మారింది గాని వాటం మారలేదు.

దీనికి మన పెద్దల సమాధానం తెలిసిందే. కుడి శుభం, ఎడమ అశుభం. కొత్తకోడలు కుడికాలు పెట్టి లోపలికి వస్తుంది. సంస్కృతంలో "దక్షిణ" శబ్దానికి కుడి అనే కాక నేర్పరి అనే అర్థమూ ఉంది. "వామ" అంటే ఎడమ, ప్రతికూలం కూడా. (అందమైనది అనే అర్థమూ ఉందని ఎవరూ చెప్పరు.) ఇంగ్లీషులో రైట్ అంటే ఒప్పు. ఇన్ని జాతులవారు ఒకే మాట అంటుంటే అందులో నిజం లేదా అంటారు.

ఉంది. ఆ నిజమేమిటంటే, ప్రతి పదిమందిలో తొమ్మండుగురు కుడిచేతివాటం వాళ్ళు. మాటలు పుట్టించింది వాళ్ళు. డేనియల్ కాసాసాంటో అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 2009లో ప్రచురించిన ప్రయోగాలు చూడండి. ఒక బొమ్మకు అటూ ఇటూ రెండు గళ్ళు గీసి, మంచి జంతువును ఒక గడిలో, చెడ్డ జంతువును మరో గడిలో వెయ్యమన్నారు. కుడిచేతివాళ్ళలో ఎక్కువమంది మంచిదాన్ని కుడిగడిలో వేశారు. ఎడమచేతివాళ్ళలో ఎక్కువమంది ఎడమగడిలో వేశారు. వీళ్ళు పుట్టి పెరిగింది కూడా కుడిని పొగిడే భాషలోనే సుమండీ! అయినా ఏ చెయ్యి సులువుగా ఆడుతుందో ఆ వైపే మనసుకు మంచిగా తోచింది.

2004, 2008 అధ్యక్ష ఎన్నికల చర్చలను కూడా ఇదే దృష్టితో పరిశీలించి 2010లో ప్రకటించారు. బుష్, కెరీ కుడిచేతివాళ్ళు. ఒబామా, మెకెయిన్ ఎడమచేతివాళ్ళు. మంచి మాట చెప్పేటప్పుడు మొదటి ఇద్దరి కుడిచెయ్యి, తక్కిన ఇద్దరి ఎడమచెయ్యి ఎక్కువగా ఆడాయట.

అన్నిటికన్నా మమ్మల్ని ఆలోచింపజేసింది 2011 నాటిది. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన కుడిచేతివాటం రోగుల్లో "మంచి" ఎడమవైపుకు జరిగింది. ఆరోగ్యంగా ఉన్న కుడిచేతివాళ్ళ కుడిచేతికి మంచులో వేసుకునే దళసరి గ్లవ్ తొడిగి, పన్నెండు నిమిషాలు డామినో బిళ్ళలు నిలబెట్టిస్తే, వాళ్ళలోనూ అదే మొగ్గు కనిపించింది. ఇవన్నీ మొగ్గులే, ప్రతి మనిషికీ వర్తించే శాసనాలు కావు. కాని యుగయుగాల శుభాశుభం పన్నెండు నిమిషాల గ్లవ్‌కు చలించేదైతే, దాని పేరు చెప్పి నాలుగేళ్ళ పిల్లను ఏడిపించడం ఏం న్యాయం?

ఎడమచెయ్యి శుభ్రత పనులకు కేటాయించిన చెయ్యి, అందుకే నిషేధం అనేవారున్నారు. చెంబూ నీళ్ళూ ఉన్న ఇంట్లో అది తెలివైన ఏర్పాటే. మేమూ అన్నం కుడిచేత్తోనే తింటాం, ప్రసాదం కుడిచేత్తోనే పుచ్చుకుంటాం. దానితో మాకు పేచీ లేదు. పెన్సిలుకూ దానికీ ఏమిటి సంబంధం? 1909లో గాంధీగారు ఇంగ్లండు నుంచి దక్షిణాఫ్రికాకు ఓడలో తిరిగి వెళ్తూ "హింద్ స్వరాజ్" రాశారు. కుడిచెయ్యి నొప్పెడితే ఎడమచేత్తో సాగించారు. ఆ పుటలు అశుభమని ఇంతవరకు ఎవరూ చించిపారెయ్యలేదు.

మరో వర్గం ఉంది. "మావాడు ఎడమచేతివాటం, కుడిమెదడుతో ఆలోచిస్తాడు, జీనియస్" అని విందుల్లో చెప్పుకునే తల్లిదండ్రులు. అదీ పిచ్చే. ఎడమచేతివాళ్ళలో సుమారు 70 శాతం మందికి కూడా మాట్లాడే శక్తి ప్రధానంగా ఎడమమెదడులోనే ఉంటుంది. కొట్టనూ వద్దు, ఊరేగించనూ వద్దు.

సంఘ కార్యవర్గానికి మా విన్నపం రెండు ముక్కలు. వచ్చే విజయదశమికి పళ్ళెం పిల్లల ముందు మధ్యగా పెట్టించండి. ఏ చెయ్యి వస్తే ఆ చెయ్యే రాయనివ్వండి. ఆదివారం తెలుగు బడిలో ఉన్న కత్తెరలన్నీ కుడిచేతివే; ఎడమచేతివి ఓ అరడజను కొనండి. డబ్బులకు ఇబ్బందైతే బిల్లు మాకు పంపండి.