మైటోకాండ్రియా మీద గురి ఎందుకు తప్పింది?

కండరాలను కదిలించే నాడీకణాలు క్రమంగా చనిపోవడమే మోటార్ న్యూరాన్ వ్యాధి. అందులో ఎక్కువగా కనిపించే రకం ఏఎల్ఎస్. చేతిలోనో కాలిలోనో మొదలైన బలహీనత మాటకు, మింగడానికి, చివరికి ఊపిరికి పాకుతుంది. లక్షణాలు కనిపించిన రెండు నుంచి ఐదేళ్లలోపే చాలామంది చనిపోతారు. ఈ నాశనంలో కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు పెద్ద పాత్రే ఉందనడానికి ఆధారాలు బలంగా ఉన్నాయి. అయినా వాటిని కాపాడతాయనుకున్న మందులు వరుసగా విఫలమయ్యాయి.

ఈ కణాల నిర్మాణంలోనే ప్రమాదం ఉంది. నడుము దగ్గర వెన్నుపాములో ఉన్న కణం తంతువు పాదం వరకూ దాదాపు మీటరు పొడవు సాగుతుంది. మైటోకాండ్రియా ఆ దూరమంతా ప్రయాణించి కండరాన్ని తాకే కొసకు చేరాలి. పాడైనవి వెనక్కి రావాలి. దీనికి క్యాల్షియం భారం తోడవుతుంది. కణంలోకి వచ్చిన క్యాల్షియాన్ని పట్టి ఉంచే పార్వాల్బుమిన్, క్యాల్‌బిండిన్ ప్రొటీన్లు ఈ కణాల్లో తక్కువ. అందుకే ఆ పని ఎక్కువగా మైటోకాండ్రియా మీదే పడుతుంది. కనుగుడ్లను కదిలించే కణాల్లో ఈ ప్రొటీన్లు ఎక్కువ. మాట పడిపోయిన రోగి కూడా చూపుతో కంప్యూటర్ నడపగలగడానికి ఇదొక కారణమని శాస్త్రవేత్తల అభిప్రాయం.

1993లో ఏఎల్ఎస్‌కు కారణమైన మొదటి జన్యువుగా ఎస్ఓడీ1 బయటపడింది. ఆ జన్యులోపం పెట్టిన ఎలుకల్లో కాళ్లు బలహీనపడకముందే మైటోకాండ్రియా ఉబ్బి, బోలుగా మారాయి. 2006లో టీడీపీ-43 అనే ప్రొటీన్ గడ్డలను గుర్తించారు. రోగుల్లో అత్యధికుల నాడీకణాల్లో అవి ఉంటాయి. ఈ ప్రొటీన్ మైటోకాండ్రియాలో చేరి, అక్కడి డీఎన్ఏ బయటికి కారేలా చేసి, వాపు ప్రక్రియను రగిలిస్తుందని 2020లో తేలింది. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం 2014లో దొరికిన సీహెచ్‌సీహెచ్‌డీ10 జన్యువు. అది తయారుచేసే ప్రొటీన్ నివాసమే మైటోకాండ్రియా. అంటే కొందరిలో వ్యాధి మూలమే అక్కడుంది. మరికొందరిలో ఆప్టినూరిన్, టీబీకే1 జన్యువులు దెబ్బతిని, పాడైన మైటోకాండ్రియాను తొలగించే ఏర్పాటు కుంటుపడుతుంది.

మందుల చరిత్ర మాత్రం బాధాకరం. క్రియాటిన్, కోఎంజైమ్ క్యూ10 ప్రయోజనం చూపలేదు. మైటోకాండ్రియా నుంచి కణమరణ సంకేతాలు వెలువడకుండా ఆపుతుందనుకున్న మినోసైక్లిన్ తీసుకున్నవారిలో వ్యాధి ఇంకా వేగంగా ముదిరిందని 2007లో వెల్లడైంది. 900కు పైగా రోగులపై పరీక్షించిన డెక్స్‌ప్రమిపెక్సోల్ 2013లో చేతులెత్తేసింది. ఫినైల్‌బ్యూటిరేట్, టారుర్సోడయోల్‌ల మిశ్రమానికి 2022లో అమెరికాలో అనుమతి దక్కినా, పెద్ద పరీక్షలో నిలవక 2024లో ఉపసంహరించారు. ఇంత తెలిశాక కూడా శక్తినిచ్చే మాత్రలంటూ రోగి కుటుంబం చేత ఖర్చు పెట్టించడం అన్యాయం.

లోపం మైటోకాండ్రియా సిద్ధాంతంలో కంటే దాన్ని పరీక్షించిన తీరులోనే ఎక్కువగా ఉంది. ఈ మందుల్లో అనేకం ఎస్ఓడీ1 ఎలుకల్లో నెగ్గినవి. మొత్తం రోగుల్లో ఆ జన్యులోపం ఉన్నవారు సుమారు 2 శాతమే. పైగా మందు మొదలయ్యే నాటికే ఎన్నో నాడీకణాలు పోయి ఉంటాయి. మైటోకాండ్రియా దెబ్బతినడం కారణమా, పర్యవసానమా అన్న పాత వాదం కూడా అందరిదీ ఒకే జబ్బు అనుకోవడం నుంచే పుట్టింది. నిజానికి ఒకరిలో అది మొదటి మెట్టు, మరొకరిలో మూడోది.

2023లో అమెరికాలో అనుమతి పొందిన టోఫర్సెన్ అనే మందు వేరే దారి పట్టింది. అది ఎస్ఓడీ1 ప్రొటీన్ ఉత్పత్తినే తగ్గిస్తుంది, ఆ జన్యులోపం ఉన్నవారికే ఇస్తారు. అదే మందును, జన్యులోపం ఉండి ఇంకా లక్షణాలు రానివారికి, నాడీకణాలు దెబ్బతింటే బయటపడే న్యూరోఫిలమెంట్ అనే ప్రొటీన్ స్థాయి రక్తంలో పెరగగానే ఇచ్చి చూసే అట్లాస్ అధ్యయనం 2021లో మొదలైంది. మైటోకాండ్రియా మందులకూ ఇలాంటి ఎంపికే కావాలి. పైన చెప్పిన విఫల పరీక్షలు రోగి మైటోకాండ్రియా ఎంత దెబ్బతిన్నాయో కొలిచి మనుషులను ఎంచుకున్నవి కావు.