గుండ్లకమ్మ సాక్ష్యం

మతప్రచారమనే మాట చెవిన పడగానే మనలో రెండు శిబిరాలు వెలుస్తాయి. ఒక శిబిరానికి ప్రతి బాప్తిస్మం వెనుకా ఒక బియ్యపు బస్తా కనబడుతుంది. రెండవ శిబిరానికి ప్రతి ప్రశ్న వెనుకా ఒక శత్రువు కనబడతాడు. సరూర్‌నగర్ చెరువుకట్ట మొదలుకొని ఎల్బీనగర్ కూడలి దాకా గోడలను చదువుతూ నడిచేవారికి కోచింగ్ కేంద్రాల ర్యాంకుల పక్కనే స్వస్థత సభల ప్రకటనలు తారసపడతాయి. రెండింటి హామీ ఒక్కటే: మీరు రండి, ఫలితానికి మాది పూచీ. ఈ గోడలను చూసి క్రైస్తవాన్ని తూచేవారూ, ఈ గోడలే క్రైస్తవమని నమ్మేవారూ తెలుగునేల చరిత్రను తిరగవేయనివారేనని నా అభియోగం.

మొదట బియ్యపు బస్తా సంగతి చూద్దాం.

1876 నుండి 1878 వరకు దక్షిణదేశాన్ని దహించిన ధాత కరువు మన పెద్దల నోట చాలాకాలం నిలిచిన మాట. ఆనాడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉండేవాడు. అతడు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు. మతం మార్చడానికి ఇంతకన్న మంచి అదను ఏ వ్యాపారికి దొరుకుతుంది? క్లౌ చేసింది అందుకు విరుద్ధం. కరువు సాగినంతకాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపివేశాడు. అడిగినవారిని కూడా ఆగమన్నాడు. సహాయపు డబ్బు ముగిసి, ఇక ఇచ్చేదేమీ లేదని అందరికీ తెలిసిన తరువాతనే ద్వారం తెరిచాడు. 1878 జూలై 3న, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

కాలువ పని కృతజ్ఞతను పుట్టించలేదా అని అడగవచ్చు. పుట్టించే ఉంటుంది. ఆకలినాడు ఆదుకొన్నవాని మాట వినాలనిపించడం మనుష్యధర్మం. అయితే కృతజ్ఞత వేరు, క్రయం వేరు. కొనదలచినవాడు సరుకు చేతిలో ఉన్నప్పుడే బేరం ముగిస్తాడు కానీ, చేతులు ఖాళీ అయ్యేదాకా వేచి ఉండడు.

ఇక రెండవ ఆరోపణ, ఇది విదేశీ సరుకన్నది. ఆనాడు గుండ్లకమ్మ నీటిలో నిలబడి బాప్తిస్మమిచ్చిన చేతులు క్లౌవి కావు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఆ పని నెరవేర్చారు. ఆ ఉద్యమానికి మూలపురుషుడూ తెలుగువాడే. తాళ్లకొండపాడు గ్రామవాసి ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ల వ్యాపారి, యోగమార్గంలో గురూపదేశం పొందినవాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు కొత్త బోధ విన్నాడు, దానిని మనసులో మోసుకొని ఊరికి వచ్చాడు, 1866లో బాప్తిస్మం తీసుకొన్నాడు. తెల్లదొర పేరయ్యను వెదుక్కుంటూ పోలేదు, పేరయ్యే వెదుక్కుంటూ వచ్చాడు. అటు తరువాత అతడు ఊరూరా నడిచాడు. బంధువుల ఇళ్లకు, సాటి మాదిగల గూడేలకు కబురు చేర్చాడు. మిషన్ నివేదికలు దొరల పేర్లతో నిండి ఉండవచ్చుగాక, సువార్త నడిచిన కాళ్లు మాత్రం ఇక్కడివి.

పుట్టినచోటు వేరైనంతమాత్రాన ఒక విశ్వాసం పరాయిదవుతుందనే వాదం తెలుగువాడి నోట అసలు శోభించదు. నాగార్జునకొండ మీద ఇక్ష్వాకుల నాటి శాసనం ఒకటి ఉంది. కాశ్మీరము, గాంధారము, చీనా, తోసలి, తామ్రపర్ణి మొదలైన దేశాల ప్రజలకు ధర్మాన్ని చేర్చిన సింహళ ఆచార్యులను అది శ్లాఘిస్తుంది. కృష్ణాతీరంలో మనం రాతి మీద చెక్కి గౌరవించిన పనినే గుండ్లకమ్మ తీరంలో కుట్ర అందామా? తాను సత్యమని నమ్మినదాన్ని ఎదుటివానికి చెప్పాలనుకోవడం ఏ ఒక్క మతపు దుర్గుణమూ కాదు. నమ్మినదాన్ని దాచుకొనేవాడు లోభి అయినా కావాలి, తన నమ్మకం మీద తనకే నమ్మకం లేనివాడైనా కావాలి.

చట్టం మాట కూడా తేల్చుకొందాం. రాజ్యాంగపు 25వ అధికరణంలో మతాన్ని ప్రచారం చేసే హక్కు ఉంది. 1948 డిసెంబరులో రాజ్యాంగసభ చర్చించే ఆ మాటను నిలుపుకొంది. టి. టి. కృష్ణమాచారి, కె. ఎం. మున్షీ వంటివారు దానిని సమర్థించారు. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం చేసే హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు ఇమిడి లేదని తీర్పు చెప్పింది. చాలామంది క్రైస్తవులకు ఈ తీర్పు ముల్లు. నా మటుకు నాకు అందులోని ఒక అంశం వారి విశ్వాసానికే దగ్గరగా తోస్తుంది: మనిషి మనిషిని మార్చలేడు, చెప్పగలడు. మారడం విన్నవాని పని.

ప్రలోభమనేవారు గమనించని విషయం మరొకటి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకు మాత్రమే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు. క్రైస్తవులకు నేటికీ లేదు. బాప్తిస్మం తీసుకొన్న మాలకు, మాదిగకు తెలుగునాట మిగిలేది బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. ఊరి దృష్టిలో కులం పోదు, కాగితం మీద మాత్రం పోతుంది. ఇంత నష్టానికి సిద్ధపడినవానిని డబ్బుకు అమ్ముడుపోయాడనడం లెక్కలు తెలియని నింద.

ఇంతవరకు చదివి సంతోషిస్తున్న సంఘపెద్దలు ఉంటే, ఇక మీదటిది వారికోసమే.

పునరుత్థానుడైన యేసు తన శిష్యులను సమస్త జనుల యొద్దకు పంపాడని మత్తయి సువార్త ముగింపు చెబుతుంది. సమస్త జనులంటే ఎవరు? ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టులు స్థూలంగా మాదిగలు, గుంటూరు సీమలో లూథరనులు స్థూలంగా మాలలు. మిషన్లు ప్రాంతాలు పంచుకొన్న నాటి గీతలు కులపు గీతలతో కలిసిపోయి అలాగే నిలిచాయి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి అనేక శాఖలు ఒకటయ్యాయి. అయినా క్రైస్తవ వధూవరుల ప్రకటనలలో కులం ఈనాటికీ మొదటి పంక్తిలోనే ఉంటుంది. పక్కవాడకు దాటలేని సువార్త సముద్రాలు దాటిందని చెప్పుకోవడం ఏం ఘనత?

క్లౌ ఎదుట ఈ ప్రశ్న నిలిచినప్పుడు అతడు తప్పించుకోలేదు. మాదిగలను చేర్చుకొంటే బ్రాహ్మణ విద్యార్థులు బడి విడిచిపోతారని తెలిసి కూడా మాదిగలనే చేర్చుకొన్నాడు. బడి ఖాళీ అయింది. నేటి సభా నిర్వాహకులలో ఎందరు కుర్చీలు ఖాళీ అయ్యే మాట చెప్పగలరు?

తిరుమల విషయంలోనూ అంతే. 2007లో రాష్ట్రప్రభుత్వం ఆ కొండ మీద అన్యమత ప్రచారాన్ని నిషేధించినప్పుడు అది స్వేచ్ఛకు భంగమని వాపోయినవారున్నారు. ఒకరి మొక్కుబడి వేళ వారి చేతిలో కరపత్రం పెట్టడం సాక్ష్యం కాదు, మర్యాదలేమి. ఎదుటివాని దేవుణ్ణి దూషించి తన దేవుణ్ణి పొగడేవాడు వినేవానిని మనిషిగా చూడటం లేదు, లెక్కలో ఒక అంకెగా చూస్తున్నాడు.

దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఈ సంగతిని 1910లోనే, ఎడింబరో మహాసభలో తెల్ల మిషనరీల ముఖం మీదనే చెప్పాడు. మీ త్యాగాలకు కృతజ్ఞులం, మాకు కావలసినది స్నేహం అన్నది ఆ ప్రసంగ సారం. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకొని, 1912లో బిషప్పుగా అభిషిక్తుడై, 1945లో మరణించేవరకు మన పల్లెల మధ్య జీవించాడు. ఆయన దోర్నకల్‌లో కట్టించిన దేవాలయంలో గుడి రూపురేఖలూ మసీదు రూపురేఖలూ కలిసి ఉంటాయి. చుట్టుపక్కలవారి వాస్తును గౌరవించినంతమాత్రాన ఆయన విశ్వాసం పలచబడలేదు.

సరూర్‌నగర్‌లోనే విక్టోరియా మెమోరియల్ అనాథాశ్రమం ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ తన భవనాన్ని అనాథ బాలల కిచ్చాడు. ఆ పక్కనే బతుకుతూ, ఫలితం చూపితేనే దేవుడన్న ప్రచారంతో గోడలు నింపడం ఎంత చిన్నతనం!

సువార్త పంచడం క్రైస్తవునికి హక్కు మాత్రమే కాదు, విడువరాని విధి. దానిని మానుకొమ్మని అడిగే అధికారం ఎవరికీ లేదు. అయితే ఆ విధికి తెలుగునాట కొలబద్ద ఏదంటే నేను గుండ్లకమ్మనే చూపిస్తాను. ఇచ్చేది అయిపోయిన తరువాత, చేతులు ఖాళీగా ఉన్నప్పుడు, ఎవరైనా మీ మాట వినడానికి వస్తున్నారా? వస్తే చెప్పండి. రాకపోతే మైకు ఆపి, ముందు పక్కవాడకు నడవండి.