ఒక యంత్రము – రెండు వ్యవస్థలు

మన ఇండ్లలో కంప్యూటరు సాధారణముగా ఒక్కటే యుండును. దానిమీదనే తండ్రిగారు అంగడి లెక్కలు వ్రాసికొందురు; అక్క దరఖాస్తులు పంపును; తమ్ముడు పాఠములు చదువును. విండోస్ 10 నకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 నకు టి.పి.యం. 2.0 అను రక్షణ సాధనమును, మరికొన్ని హంగులును కావలెను. పాత యంత్రములు అనేకము ఈ పరీక్షలో తప్పుచున్నవి. “క్రొత్తది కొనుడు” అని అంగడివారును, “లినక్సు పెట్టుదము” అని పిల్లలును, “ఉన్నదానిని చెరుపకుడు” అని పెద్దలును అనుచున్నారు. పిల్లల మాటయు, పెద్దల మాటయు నిలుచు త్రోవ ఒకటి కలదు. ఒకే యంత్రమున రెండు ఆపరేటింగు సిస్టములను ఉంచుకొనుటయే అది.

ఒక పెట్టెకు రెండు అరలు చేసినట్లు డిస్కును భాగములుగా విభజించి, ఒకదానియందు విండోసును, వేరొకదానియందు లినక్సును నిలుపుదురు. యంత్రము మేల్కొనగనే ఏది కావలెనో అడుగును. ఒకసారి ఒక్కటే నడచును గనుక మెమొరీ యంతయు దానికే దక్కును. డిస్కులోని చోటు మాత్రము ఇరువురును పంచుకొందురు. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు ఆరంభించిన లినక్సును వెల లేకయే పొందవచ్చును. ఇంటర్నెట్టు పనులను, బ్యాంకు పనులను అందు చేసికొని, అంగడి లెక్కల పాత ప్రోగ్రామును విండోసులోనే నడుపుకొనుట క్షేమమని మా అభిప్రాయము.

“రెండు నేర్చినచో పిల్లలు తికమక పడరా?” అని కొందరు తల్లిదండ్రులు అడిగిరి. హోసూరు ప్రాంతమున మన బిడ్డలు ఇంట తెలుగును, వీధిలో తమిళమును, పొరుగున కన్నడమును పలుకుచునే పెరుగుచున్నారు. వేరొకటి నేర్చుటకై మొదటిదానిని మరువవలసిన పని లేదని మనకు ఒకరు చెప్పవలెనా? పైగా తెలుగు అక్షరములకు యూనికోడు నందు స్థిరమైన సంఖ్యలున్నవి. కావున ఒక సిస్టములో యూనికోడున వ్రాసిన తెలుగు వ్యాసము రెండవదానిలోను తెలుగుగానే తెరచుకొనును. ఇన్‌స్క్రిప్టు కీబోర్డు అమరికయు రెంటను లభించును. ఒకసారి అలవడిన వ్రేళ్లకు మరల శిక్షణ అక్కరలేదు.

అయినను తొందర కూడదు. మేము మొదటిసారి ఈ పనికి పూనుకొన్నప్పుడు, తెరమీది ప్రశ్నను చదువకయే “డిస్కు అంతయు తుడుపుము” అను దానిని నొక్కితిమి. అమ్మమ్మగారి ఫోటోలు మరల దొరకలేదు. యంత్రము అడిగియే తుడిచినది, తప్పు మాదే. కావున ముందు ముఖ్యమైన ఫైళ్లన్నిటిని వేరొక డిస్కులోనికి ఎత్తుకొని, అవి తెరచుకొనుచున్నవో లేదో చూడవలెను. విండోసులోని “ఫాస్ట్ స్టార్టప్” ను ఆపవలెను. లేనిచో లినక్సు ఆ భాగమున వ్రాయలేకపోవచ్చును. తరువాత విండోసు గడియారము 5 గంటల 30 నిమిషములు వెనుకబడినచో బెదరకుడు. రెండును కాలమును వేర్వేరు పద్ధతుల లెక్కించుటయే కారణము, దానిని సరిదిద్దవచ్చును.

విద్యార్థులారా! పెద్దలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఈ పని చేయుడు. తల్లిదండ్రులారా! పిల్లలను వారింపకుడు, ఫైళ్లు భద్రమైనవా అని మాత్రము అడుగుడు. ఉన్నదానిని కాపాడుకొనుచు క్రొత్తదానిని చేర్చుకొనుటయే వివేకము.