పైన పటారం, లోన లొటారం

హైటెక్ సిటీలో కొలువు చేస్తూ మొదటిసారి కొండదారి సైకిలు కొనబోయేవారికి అంగడిలో వినిపించే మొదటి మాట: "21 గేర్లండీ!" ఏడు మూళ్లు ఇరవై ఒకటి. ఎక్కం సరే, సరుకో?

అసలు ఎక్కడ తొక్కుతారో ముందు తేల్చుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సౌరపలకల నీడదారి చాలుననుకుంటే స్ప్రింగు ఫోర్కు దండుగ బరువు. అనంతగిరి కొండల రాళ్లలోకి పోవాలంటేనే ముందువైపు మాత్రం స్ప్రింగులుండే హార్డ్‌టెయిల్ కావాలి.

అలాంటప్పుడు వెనుక చక్రం చూడండి. చవక సైకిళ్లలో పళ్లచక్రాల గుత్తి హబ్బుకు మరతో బిగించిన ఫ్రీవీలు. అందులో ఆ వైపు బేరింగు ఇరుసు కొనకు దూరాన ఉంటుంది. రాళ్లమీద ఎగిరిపడితే ఇరుసు వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది, పడేది మీరే! క్యాసెట్ హబ్బులో బేరింగు కొనకు దగ్గర. షిమానో 1978లో తెచ్చిన పద్ధతి ఇది.

గుర్తుపట్టడం తేలిక. పెడలు వెనక్కి తిప్పండి. ఇరుసు చుట్టూ ఉన్న గాట్ల రింగు పళ్లతోపాటు తిరిగితే క్యాసెట్, కదలకుంటే ఫ్రీవీలు.

గేరు మార్చే డిరైలరు ఒక్కటీ మేలురకం తగిలించి, హబ్బులు, బ్రేకులు నాసివి వేయడం పాత ఎత్తు. ముందు బ్రేకు పట్టి ఫోర్కును అదిమి వదలండి. టకటకలాడకుండా మెత్తగా లేవాలి.

అంకె చూసి మురవకండి. ఇరుసు చూశాకనే డబ్బు లెక్కపెట్టండి.