మ్రింగుమనుట బోధన కాదు

చిత్తభ్రమకు లోనైన రోగులు మందులు సరిగా మ్రింగరని వైద్యులును, వారి మాట విని బంధువులును తరచు నిందించుచుందురు. మందు దేనికో, దానివలన నేమగునో రోగికి అర్థమగు భాషలో చెప్పకయే, మ్రింగలేదని తప్పుపట్టుట ఏమి న్యాయమని మేము ప్రశ్నించుచున్నాము.

స్కిజోఫ్రీనియా వంటి వ్యాధులకు 1950వ దశాబ్దినుండి మందులు కలవు. లేని కంఠస్వరములు వినబడుటను, నిరాధారమైన అనుమానములను అవి తగ్గించును. కాని పూర్తి గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. ఆలోగానే నిద్రమత్తు, చేతివణుకు, కండరముల బిగువు కలుగవచ్చును. ముందుగా ఈ సంగతి ఎరుగనివాడు మందే విషమని తలచి మానివేయును. మరికొందరు గుణము చిక్కినదని మానుదురు; వ్యాధి తిరుగబెట్టును. మోతాదు తగ్గించియో, మందు మార్చియో ఈ బాధలను చాలవరకు సవరింపవచ్చునని తెలిసియున్నచో, రోగి మందు మానుటకు మారు వైద్యుని కడకే పోవును కదా! క్లోజపిన్ వాడువారు క్రమము తప్పక రక్తపరీక్ష చేయించుకొనవలెను. జ్వరముగాని గొంతునొప్పిగాని వచ్చిన తక్షణము వైద్యునికి తెలుపవలెను. ఈ హెచ్చరిక అర్థముకాకున్న ప్రాణమునకే ముప్పు.

తమిళనాడునందును కర్ణాటకమునందును మనవారిలో అనేకులు ఇంట తెలుగు మాటలాడుదురే గాని తెలుగు లిపి చదువనేరరు. కనుక తెలుగున కరపత్రము అచ్చువేసినంతమాత్రమున పని తీరదు. నోటితో చెప్పవలెను, చెప్పినదానిని రోగిచేత తిరిగి చెప్పించుకొనవలెను.

ఇది మనము యాచించు భిక్ష కాదు. 2018 మే 29 నుండి అమలునకు వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, తన 22వ సెక్షనులో, వ్యాధి స్వభావమును, చికిత్సను, దానివలని దుష్ఫలితములను అర్థమగు భాషలో, అర్థమగు రీతిని తెలిసికొను హక్కును రోగికిని, అతని తరపున నియమితుడైన ప్రతినిధికిని ఇచ్చినది.

మన తప్పును గూడ ఒప్పుకొందము. పెరుగన్నములో మాత్ర కలిపి చాటుగా పెట్టు ఇండ్లు మనలో లేకపోలేదు. అది బయటపడిననాడు, తన అన్నములో ఏదో కలుపుచున్నారను రోగి అనుమానమును మనమే నిజము చేసినవారము కామా?

కావున సభ్యులారా, ఆసుపత్రికి పోయినపుడు అడుగుడు: ఈ మందు దేనికి? ఎంతకాలము? ఏ బాధలు కలుగవచ్చును? ఒక పూట మరచిన నేమి చేయవలెను? వైద్యునికి తెలుగు రాకున్న, తెలియజెప్పువారిని కోరుడు. రోగి సమ్మతించినచో మన సంఘ యువకులు తోడు పోవలెను. అచట విన్నది మరియొకరి చెవిని వేయరాదు. రోగిని నిందించుటకు ముందు, అతనికి ఎవరు, ఏ భాషలో చెప్పిరో విచారింతము.