అందమైన కంకి – పండే చేను

20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాలలో మొక్కజొన్న కంకులకు అందాల పోటీలు జరిగేవి. వరుసలు తీరుగా ఉండి, కొనవరకు గింజ పట్టిన నిండు కంకికి బహుమతి లభించేది. 1904లో అయోవాలో హెన్రీ వాలెస్ అనే విద్యార్థి మేలైనవిగా ఎంచిన కంకుల గింజలను, తీసికట్టు కంకుల గింజలను పక్కపక్కనే నాటి, పంటను తూచి చూశాడు. అందానికీ దిగుబడికీ పొంతన లేదని తేలింది. ఆ విద్యార్థే 1926లో సంకర విత్తనాల సంస్థను స్థాపించాడు. 1941 నుండి 1945 వరకు ఈ దేశానికి ఉపాధ్యక్షుడుగా ఉన్నాడు.

1930 దశకంలో ఇక్కడ ఎకరానికి సగటున సుమారు 24 బుషెళ్లు పండేది. ఇటీవలి సంవత్సరాలలో అది 170 దాటింది. ఎరువులకూ యంత్రాలకూ ఇందులో భాగమున్నా, దాదాపు సగం ఘనత విత్తనానిదే. అయితే విత్తనంలో మారినదేమిటి? డొనాల్డ్ డువిక్ అనే శాస్త్రజ్ఞుడు పాత, కొత్త సంకర రకాలను కలిపి పండించి పరిశీలించాడు. మొక్కలను బాగా ఎడంగా నాటినప్పుడు ఒక్కొక్క మొక్క ఇచ్చే పంటలో పెద్ద తేడా కనబడలేదు. ఒత్తుగా నాటినప్పుడే కొత్త రకాల బలం బయటపడింది. నిటారుగా నిలిచే ఆకులు, చిన్న జల్లు, ఇరుకులోనూ గొడ్డుపోకుండా కంకి వేసే గుణం వాటి సొత్తు. ఎకరానికి సుమారు 12,000 ఉండే మొక్కలు నేడు 30,000కు చేరడం అందువల్లనే సాధ్యమైంది.

రసాయన చర్య వేగాన్ని నిర్ణయించేది అందులోని అతి నెమ్మదైన దశ. బెట్టకు గురైన మొక్కజొన్నలో అటువంటి దశ పీచు వెలువడడం. తలమీది జల్లు వేళకు పుప్పొడి రాలుస్తుంది. నీరందని కంకి మాత్రం పీచును ఆలస్యంగా బయటపెడుతుంది. అప్పటికి పుప్పొడి అయిపోతే గింజ కట్టదు. మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన కేంద్రంవారు 1970 దశకం నుండి ఈ ఎడం తక్కువగా ఉన్న మొక్కలను తరతరాలుగా ఎన్నుకుంటూ, బెట్టలో దిగుబడిని పెంచగలిగారు. బెట్ట చేలలో దిగుబడి మడిమడికీ మారి, మంచి విత్తనాన్ని గుర్తించనీయదు. పీచు ఆలస్యాన్ని రోజులలో లెక్కించడం సులభం.

కనుక సమృద్ధిగా నీరు, ఎరువు అందే చేలలో మాత్రమే విత్తనాన్ని పరీక్షించడం పాత అందాల పోటీకి కొత్త రూపమేనని నా అభిప్రాయం. తెలంగాణలో వానాకాలపు మొక్కజొన్న చాలావరకు వర్షాధారం. పూతవేళ వాన మొహం చాటేస్తే, తడి నేలలో గెలిచిన విత్తనం రైతును ఆదుకుంటుందన్న హామీ లేదు. విడుదలకు ముందు ప్రతి రకాన్నీ పూతదశలో నీరు నిలిపివేసి కూడా పరీక్షించాలి. దిగుబడి అంకె పక్కన పీచు ఎన్ని రోజులు ఆలస్యమైందో ప్రకటించాలి. దీనికి ఖర్చు, కాలం ఎక్కువ పడతాయన్న మాట నిజమే. ఆ పరీక్ష మనం జరపకపోతే, రైతు తన సొంత చేనులో, తన సొంత అప్పుతో జరుపుతాడు.